మిగిలిన పది పాఠాలు

జూన్ 14, శనివారం

కోడలు కృష్ణప్రియ తన ఆఫీసులో ఇచ్చిన డైరీ తెచ్చి నా ఒళ్లో పెట్టింది. "అత్తమ్మా, మీ ఫికర్లన్నీ గిండ్ల రాస్కోండ్రి. పొద్దుగాల నేను చెప్పులేస్కునే యాళ్లకు మాత్రం చెప్పకుండ్రి" అని నవ్వింది. నవ్వుతూ అన్నా మనసులో మాటే అంది.

నా చదువు ఐదో తరగతి. తప్పులు పడితే పడనీ, చూసేదెవరు.

ఇవాళ్టి ఫికరు. వేణు వాళ్ల ఇంజనీరింగు కాలేజీలో చదువంతా కంప్యూటర్లోకి ఎక్కిస్తున్నారట. ప్రతి సారూ తన పాఠాలన్నీ వీడియో తీసి అందులో పెట్టాలి. పిల్లలు ఇంట్లో చూసుకుని వస్తారు, క్లాసులో లెక్కలు మాత్రమే చేయిస్తారు. వేణు చెప్పేది ఇనుము సబ్జెక్టు. ఏ దూలం ఎంత బరువు మోస్తుంది, ఎక్కడ వంగుతుంది, ఎప్పుడు విరుగుతుంది అని. నలభై ఎనిమిది పాఠాలు. ఆగస్టు ఆఖరుకల్లా ఇచ్చేయాలట.

నలభై ఎనిమిది! ఎప్పటికి అవుతాయి? తొమ్మిదేళ్లుగా ఆ కాలేజీలోనే ఉన్నాడు, అయినా ఏటా సెప్టెంబరులో ఉద్యోగం ఆర్డరు మళ్లీ రాయించుకోవాలి. ఈ ఏడు పర్మినెంటు చేస్తామన్నారు. ఇప్పుడు వెనకబడితే?

జూన్ 22, ఆదివారం

మొదటి పాఠం తీశాడు. పడక గదిలో పరదా కట్టి, లాప్‌టాప్ ముందు ఇస్త్రీ చొక్కా వేసుకుని నిలబడ్డాడు. కింద మాత్రం లుంగీయే. కృష్ణప్రియ నవ్వీ నవ్వీ కూర్చుండిపోయింది.

నేను తలుపు బయట నిలబడి విన్నాను. పాఠం అయ్యాక "ఎవరికైనా డౌట్ ఉందా?" అని అడిగాడు. కాసేపు ఆగాడు. గదిలో ఎవరూ లేరు. ఎవరిని అడుగుతున్నాడు? "లేదు నాయనా" అనబోయి నోరు మూసుకున్నాను.

తర్వాత హాల్లో సోఫా మీద నా పక్కనే కూర్చుని చూపించాడు. పక్కన వాడు చాయ్ తాగుతున్నాడు, ఎదురుగా వాడే పాఠం చెబుతున్నాడు. ఒకసారి ఇటు చూశాను, ఒకసారి అటు. నాకది నచ్చలేదు. ఎందుకో రాయడం చేతకావడం లేదు.

జూన్ 23

ఫ్యాను చప్పుడు పడిందట. మళ్లీ తీశాడు.

జూలై 6, ఆదివారం

ఎనిమిది అయ్యాయి.

ఇప్పుడు నాకూ డ్యూటీ ఉంది. పాఠం నడిచేటప్పుడు కుక్కరు పెట్టను, నల్లా తిప్పను. బాల్కనీలో కూర్చుని పావురాలను చేతిగుడ్డతో తోలుతాను, నోటితో తోలితే వీడియోలో పడుతుంది. కొత్తగూడ ఫ్లైఓవరు చప్పుడును మాత్రం ఎవరూ ఏం చేయలేరు. పాత సామాను కొనేవాడి ట్రాలీ వస్తే మూడంతస్తులు దిగి వెళ్లి "అయ్యా, జర మైకు బంద్ చెయ్, మా కొడుకు పాఠం చెప్తుండు" అని చేతులు జోడిస్తాను. వాడు మంచివాడు, ఆపుతాడు. ఆ మైకులో అరిచే గొంతు వాడిది కాదట. ఎవరిదో వాడికీ తెలియదట.

వేణు లాప్‌టాప్ తెరిస్తే ముందు వచ్చేది కాలేజీ పేజీయే. దాని మీద ఒక గీత ఉంటుంది. ఇచ్చిన పాఠాల మేరకు ఆకుపచ్చ, ఇవ్వనివాటి మేరకు ఎరుపు. ఇవాళ అంతా ఎరుపే. పక్కన ఇంతే ఆకుపచ్చ, గోరంత. ఆ ఎరుపు చూస్తే నాకు దవాఖానాలో మా ఆయన మంచం పక్కన పెట్టిన మిషను గుర్తొస్తుంది.

జూలై 20, ఆదివారం

నానక్‌రామ్‌గూడలో మా అన్న ఇంటి బోనాలకు పోలేదు. పోదామని వేణే అన్నాడు. "ఏడాదికొక్క పండుగనే అమ్మా, నడువు." నేనే వద్దన్నాను. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది కదా, ఇంకో రెండు తియ్యరాదా అన్నాను. ఒక్క క్షణం నా ముఖం చూసి, లోపలికి పోయి చొక్కా వేసుకున్నాడు.

మూడు తీశాడు. గొంతు బొంగురుపోయింది. మిరియాల పాలు ఇచ్చాను.

ఆగస్టు 3, ఆదివారం

వేణుతో పనిచేసే రామ్మోహనరావు సారు వచ్చాడు. భీమవరం వైపు మనిషి. వాళ్ల కాలేజీలో అందరికంటే వయసులో పెద్ద. వేణువి ముప్పై అయ్యాయి, ఆయనవి ఎన్ని అయ్యాయని అడిగాను.

"నాలుగండి అమ్మగారూ" అన్నాడు, నాలుగు ఇడ్లీలు తిన్నానన్నట్టు.

"అయ్యో! మరి గడువు?"

"గడువుదేముందండీ, దాని దారిన అది పోద్ది. ఓ రోజు కెమెరా పాడైందంటాను, ఓ రోజు గొంతు పట్టేసిందంటాను. మీ వాడే పరుగు పందెంలో ఉన్నట్టున్నాడు."

పకోడీలన్నీ ఆయనే తిన్నాడు. పోతూ పోతూ చెప్పుల దగ్గర వేణుతో అన్న మాట నేను విన్నాను. "ఓ పది పాఠాలు మీ దగ్గరే ఉంచుకోండి వేణుగారూ. పర్మినెంటు ఆర్డరు చేతికొచ్చాకే ఇవ్వండి. అన్నీ ఇచ్చేశాక మీతో వాళ్లకేం పని?"

తాను చెయ్యడు, చేసేవాళ్లను చెయ్యనివ్వడు. ఇలాంటి స్నేహాలే కొంప ముంచుతాయి.

ఆగస్టు 24, ఆదివారం

నలభై ఎనిమిదీ తీయడం అయింది! కాలేజీలో ఇంకెవరివీ కాలేదు. కృష్ణప్రియ సేమ్యా పాయసం చేసింది.

కానీ ముప్పై ఎనిమిదే పంపాడు. చివరి పది లాప్‌టాప్‌లోనే ఉంచాడు. ఎందుకురా అంటే, "ఆర్డరు రానీ, అప్పుడిస్త" అన్నాడు. రామ్మోహనరావు మాట!

"గడువు దాటితే నీ పేరు ఖరాబైతది బిడ్డా."

"కాదే."

"ఎట్ల కాదు? ఎర్రగ కనవడుతున్నది గద."

"అమ్మా, ఎరుపైతే ఇల్లు కాలుతదా? నువ్వు పో, పండుకో."

మధ్యాహ్నం పడుకుంటే నిద్ర వస్తుందా నాకు?

ఆగస్టు 27

వినాయక చవితి. వేణు ఫోను మూడుసార్లు టింగుమంది. మూడూ కాలేజీవే. పది బాకీ, పది బాకీ అని. దేవుడి ముందు కూడా అదే ఆలోచన.

ఆగస్టు 29, శుక్రవారం

వేణు లాప్‌టాప్ ఇంట్లోనే పెట్టి కాలేజీకి పోయాడు. దుమ్ము పట్టి ఉంటే తుడిచాను.

అదే రోజు సాయంత్రం

వేణు ఇంటికొచ్చి లాప్‌టాప్ తెరిచి నిలువునా లేచాడు. "పది పోయినయి! ఎట్ల పోయినయి?" అని అరిచాడు. కృష్ణప్రియ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. కాలేజీ కంప్యూటర్ల వాళ్లకు ఫోను చేస్తూ బాల్కనీలోకి పోయి తలుపు వేసుకున్నాడు. చాలాసేపు మాట్లాడాడు. లోపలికొచ్చి, "గడువు దగ్గరవడ్డదని సిస్టమే తీస్కున్నదంట" అన్నాడు. ఎవరి ముఖమూ చూడలేదు.

సిస్టమే తీసుకుంది. కంప్యూటర్లు అంతే, అడగవు.

ఆగస్టు 30

గీత మొత్తం ఆకుపచ్చ. బాగా నిద్ర పట్టింది.

సెప్టెంబరు 5, శుక్రవారం

టీచర్ల దినం. కాలేజీలో వేణుకు శాలువా కప్పారు! అందరికంటే ముందు పూర్తి చేసినందుకు సర్టిఫికెట్టు. ఫోటో మా అన్నకు పంపించాను. చూశారా, అన్నీ ఇవ్వబట్టే కదా. రామ్మోహనరావుకు ఏ శాలువా రాలేదు.

సెప్టెంబరు 17

వేణుకు ఇప్పుడు రోజుకు ఒక్కటే క్లాసు. పిల్లలు వీడియోలు చూసుకుంటున్నారు కదా. మంచిదే, గొంతుకు విశ్రాంతి.

సెప్టెంబరు 22

ఆర్డరు ఇంకా రాలేదు. అందరివీ ఆలస్యమేనట.

సెప్టెంబరు 26, శుక్రవారం

వేణు పదకొండింటికే ఇంటికొచ్చాడు. చేతిలో అట్టపెట్టె, అందులో పుస్తకాలు, చాయ్ కప్పు, శాలువా. దసరా సెలవులన్నాడు.

కప్పు ఎందుకు తెచ్చాడు? కడగడానికి తెచ్చి ఉంటాడు.

అక్టోబరు 6

సెలవు. పక్క ఫ్లాటు లావణ్య ఉదయాన్నే బ్యాగు వేసుకుని కాలేజీ బస్సుకు పరుగెత్తింది. వాళ్లకు సెలవులు అయిపోయాయి. ఒక్కో కాలేజీకి ఒక్కో తీరు ఉంటుంది.

అక్టోబరు 9

సెలవు.

అక్టోబరు 14, మంగళవారం

అక్షరాలు ఎలా పడితే అలా పడుతున్నాయి.

కొత్తిమీర తెద్దామని లిఫ్టు ఎక్కాను. లావణ్య ఉంది. కడప పిల్ల, ఇంజనీరింగు రెండో ఏడు. చేతిలో ఫోను. ఆ ఫోనులోంచి నా కొడుకు గొంతు వస్తోంది! వేణు పైన సోఫాలో పేపరు చదువుతున్నాడు, ఇప్పుడే చూసి వచ్చాను. లిఫ్టులో వాడి గొంతు. దూలం మధ్యలో బరువు పెడితే అని చెబుతున్నాడు.

"అవ్వా! ఈ సారు మీ వేణు మామే గదా?" అంది ఆ పిల్ల. "మా కాలేజీలో ఈయప్పవే పెట్టినారు. శానా బాగా చెప్తాడవ్వా! మా సార్లు దండగ."

"మీ కాలేజీ వేరే గద బిడ్డా?"

"వేరేనే. అయితే ఓనరు ఒగడే. మూడు కాలేజీలకీ మామే చెప్తాండాడు ఇప్పుడు."

మూడు కాలేజీలకు! కొత్తిమీర మరిచిపోయి అదే లిఫ్టులో పైకి వచ్చాను. సంతోషం పట్టలేకపోయాను. "ఓరి నాయనా, మూడు కాలేజీలల్ల నువ్వే చెప్తున్నవంట! చెప్పనే లేదేందిరా?"

వేణు పేపరు కిందికి దించాడు. వాడి ముఖం అలా అయిపోవడం వాళ్ల నాన్న పోయిన రోజు చూశాను, మళ్లీ ఇవాళే.

"నన్ను తీసేసిన్రమ్మా."

"ఏంది?"

"పాఠాలన్నీ ఉన్నయి గద. ఇంగ మనిషెందుకన్నరు. మొత్తం ఇచ్చినోళ్లం ఐదుగురం. ఐదుగురికీ ఆర్డర్లు రాయలే."

"రామ్మోహనరావు?"

"ఆయనున్నడు. ఆయనవింకా అయిపోలే."

కృష్ణప్రియకు ముందే తెలుసట. నాకు మాత్రమే సెలవు అని చెప్పారు. నేను తట్టుకోలేనని.

అక్టోబరు 15

పనికి వెళ్లకుండా ఇంట్లో కూర్చున్న మనిషి ఒకరు. పనికి వెళ్లి మూడు కాలేజీల్లో నిలబడ్డ మనిషి ఒకరు. ఇద్దరూ నా కొడుకే. జీతం ఎవరికీ లేదు. ఇదెక్కడి న్యాయమో నా బుర్రకు ఎక్కడం లేదు.

మా ఆయన లింగమూర్తి బాలానగర్‌లో ఇనుము చెక్కే లేతు మిషను నడిపేవాడు. ఆ పనివాళ్లంతా అంతే, ఎవరి సెట్టింగు వాళ్లది. డయలు ఎన్ని గీతలు తిప్పాలో చిన్న చీటీ మీద రాసుకుని లోపలి జేబులో పెట్టుకునేవాడు. పక్క మిషను వాడు వస్తే చేత్తో డయలు మూసేవాడు. సొంత బామ్మర్ది అడిగినా చూపలేదు. నేను ఎంత తిట్టేదాన్ని! "పోయేటప్పుడు ఎంట తీస్కపోతవా?" అని. "నీకెర్క లేదు, ఊకో" అనేవాడు. ముప్పై ఒక్క ఏడు ఆయనను ఎవరూ తీసేయలేదు.

ఆ మనిషితో అన్నేళ్లు కాపురం చేసి నేనేం నేర్చుకున్నాను?

ఆ రోజు తుడిచేటప్పుడు నా వేలు ఏమైనా తగిలిందేమో.

అక్టోబరు 26, ఆదివారం

రామ్మోహనరావు సారు వచ్చాడు. ఇదివరకటిలా జోకులు వేయలేదు. ఆయనవి పదకొండు అయ్యాయట. వారం వారం నోటీసు పంపుతున్నారట. "నన్ను చూస్తే మా కాలేజీ వాళ్లకి ఒంటికి కారం రాసుకున్నట్టుంటదండి. అయినా జీతం ఇయ్యక తప్పట్లేదు." తర్వాత గొంతు తగ్గించి, "ఆ పదీ ఉంచుకోమని నేను చెప్పాను కదండీ వేణుగారూ. మీరూ సరే అన్నారు. మరేంటి ఇలా చేశారు?" అన్నాడు.

వేణు, "సిస్టం తీస్కున్నది సార్" అన్నాడు.

"సిస్టం తీసుకోవడమేంటండీ? నేను తీసి ఇవ్వకుండా ఉంచినవి నా లాప్‌టాప్‌లో అలాగే ఉన్నాయి, ఒక్కటీ తీసుకోలేదే!"

చాయ్ గ్లాసు నా చేతిలోంచి జారింది. కింద పడి పగలలేదు, స్టీలుది. చాయంతా సారు ప్యాంటు మీద పడింది. అందరూ దాని మీద పడ్డారు, మాట అటు పోయింది.

ఒకటి నొక్కాను. ఒక్కటే. మిగతావి దాని వెనక అవే పోయి ఉంటాయి.

నవంబరు 2

ఒకటి కాదు.

నవంబరు 9, ఆదివారం

రాసేస్తాను. రాయకపోతే అన్నం దిగడం లేదు.

ఆగస్టు 29. వేణు, కోడలు వెళ్లిపోయారు. లాప్‌టాప్ మూత తీశాను. దుమ్ము లేదు. తుడవడానికి తీయలేదు. ఎర్ర గీత ఎంతుందో చూద్దామని తీశాను. వాడు పంపడం ముప్పై ఎనిమిదిసార్లు వెనక నిలబడి చూశాను, ఎలాగో నాకు వచ్చు. పాఠం పేరు మీద నొక్కాలి, తర్వాత ఆకుపచ్చ బొత్తాం నొక్కాలి. ఒక చక్రం తిరుగుతుంది, తిరిగి తిరిగి టిక్కు పడుతుంది.

ముప్పై తొమ్మిది నొక్కాను. టిక్కు పడింది. ఎరుపు కొంచెం తగ్గింది. అబ్బ, గుండె ఎంత తేలికైందో! నలభై నొక్కాను. నలభై ఒకటి. చక్రం తిరుగుతున్నంతసేపూ దేవుడికి దండం పెట్టుకున్నాను, మధ్యలో ఆగిపోకూడదని. పదిసార్లు. పదీ నేనే. ఆఖరుది పోయాక లేచి, చేతులు కడుక్కుని, పప్పు పొయ్యి మీద పెట్టాను.

వాడికి చెప్పాలి. రేపు చెబుతాను.

నవంబరు 10

వాడికి తలనొప్పిగా ఉంది. ఇవాళ వద్దు.

నవంబరు 19, బుధవారం

రేపు ఇంటర్వ్యూ. శంకరపల్లి రోడ్డులో వేరే కాలేజీ, వేరే ఓనరు. ఫోనులో బాగానే మాట్లాడారట. ఈ ఉద్యోగం వచ్చిందంటే ఇక పాత సంగతి ఎత్తే పనే లేదు. వేణు తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించి తెచ్చాను. దేవుడా, ఈ ఒక్కటి కానీ.

నవంబరు 20, గురువారం

మధ్యాహ్నం ఒంటిగంటకు వచ్చాడు. చెప్పులు విప్పుతూనే నవ్వుతున్నాడు. అయిందనుకున్నాను. దండం పెట్టబోయాను.

"అమ్మా, కుర్సీల కూసో. పడిపోతవ్" అన్నాడు.

ముగ్గురు కూర్చున్నారట ఇంటర్వ్యూకు. మర్యాదగా మాట్లాడారు. మంచినీళ్లు ఇచ్చారు. ఒక పాఠం చెప్పి చూపించండి అన్నారు. వేణు లేచి బోర్డు మీద దూలం గీశాడు. రెండు మాటలు చెప్పాడో లేదో, వాళ్లలో ఒకడు చేయెత్తి ఆపాడట. ఆపి, తన ముందున్న కంప్యూటరు ఇటు తిప్పాడట.

అందులో వేణు! అదే దూలం గీస్తున్నాడు, అవే మాటలు చెబుతున్నాడు.

"మొన్ననే కొన్నరంట పాఠాలు, మా పాత కాలేజోళ్ల దగ్గర. నలభై ఎనిమిది, ఫుల్ సెట్టు." వేణు ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. "మీరంటే మా పిల్లలకు శాన ఇష్టం సార్, కానీ మీరు ఆల్రెడీ మా దగ్గరనే ఉన్నరు గద అన్నరు. గేటు దాంక వచ్చి సాగనంపిన్రు."

అమ్ముకున్నారు! ఇంట్లో కూర్చోబెట్టి, మనిషిని సంచిలో కూరగాయల్లాగ అమ్ముకున్నారు.

"ముప్పై ఎనిమిదే ఉంటే?" అన్నాను.

"సగం కోర్సు ఎవడు కొంటడమ్మా? ఏ పిలగానికి పనికొస్తది?" అన్నాడు. కంచం ముందు కూర్చుని అన్నం కలుపుకున్నాడు. మామూలుగా కలుపుకున్నాడు. అది చూడలేకపోయాను.

"బిడ్డా, సిస్టం తీస్కోలే. పదీ నేనే పంపిన. తుడుస్తుంటె తగలలే. కావాల్ననే నొక్కిన, పదిసార్లు."

కృష్ణప్రియ ఆఫీసులో ఉంది. ఇంట్లో మేమిద్దరమే. వేణు ముద్ద నోట్లో పెట్టుకుని నమిలి మింగాడు.

"నాకెర్కనే" అన్నాడు.

"ఎప్పటి సంది?" అన్నాను.

"ఆ దినమే ఎర్క. బాల్కనీలకు పోయి ఫోన్ జేసిన జూడు, ఆ కంప్యూటర్ల కాడి పిల్ల ఏ పాఠం ఎప్పుడు పోయిందో టైములు సదివి చెప్పింది. మొదటిది పదకొండు నలభైకి. ఆఖరుది పన్నెండుకు రెండు నిమిషాలు తక్కువ. గా టైముల నేను క్లాసుల ఉన్న. కృష్ణప్రియ ఆఫీసుల ఉండె. ఇంట్ల ఇంకెవరున్నరమ్మా?"

ఇన్ని రోజులు. రామ్మోహనరావు ఎదురుగా కూడా సిస్టం అనే చెప్పాడు. నా చాయ్ పడ్డప్పుడు గుడ్డ తెచ్చి తుడిచింది కూడా వాడే.

"మరి నన్ను ఒక్క మాటన్న అనకపోతివి" అన్నాను.

పప్పు గిన్నె దగ్గరికి జరుపుకున్నాడు, వేసుకోలేదు.

"పద్దెనిమిది నిమిషాలు పట్టిందే నీకు" అన్నాడు. "నడుమల ఒక్కసారన్న నాకు ఫోన్ జేయాలె గద."

"చేస్తే వద్దంటవని" అన్నాను.

వేణు కంచం పక్కకు జరిపాడు.

"అవునే, వద్దనే అంటుంటి" అన్నాడు.